రిసెప్షన్‌లో ఉద్యమ పాట పాడొచ్చా? కవర్ బ్యాండ్‌లకు ఒక పద్ధతి

సెట్‌లిస్ట్ రాసుకునే రోజు ఏ బ్యాండ్‌లోనైనా ఈ తగువు వస్తుంది. గిటారిస్టుకి ఉద్యమ పాట కావాలి. కీబోర్డు వాయించేవాడికి బ్యాలెన్స్ పేమెంట్ కావాలి. ఇద్దరూ పాట మంచిచెడ్డల గురించి గంటసేపు వాదించుకుంటారు. అసలు చూడాల్సింది ఎదురుగా కూర్చునేవాళ్లని. పాట నచ్చకపోతే వాళ్లు లేచి వెళ్లగలరా?

పబ్‌లో వెళ్లగలరు, బిల్లు కట్టేస్తే సరి. రిసెప్షన్‌లో పెళ్లికూతురి తండ్రి ఎక్కడికీ కదల్లేడు. కంపెనీ ఫంక్షన్‌లో ఉద్యోగి పక్కన మేనేజరు కూర్చుని ఉంటాడు. జూనియర్ కాలేజీ ఫెస్టులో అయితే గుమ్మం దగ్గర లెక్చరర్ కాపలా. లేచి వెళ్లే వీలు ఎంత తగ్గితే పాట బరువూ అంత తగ్గించాలి. ఈ ఒక్క సూత్రం పట్టుకుంటే సగం తగువులు రిహార్సల్ గదిలోనే తీరిపోతాయి. మా మాట అడిగితే, బరువైన పాటలు, అంటే ఉద్యమం, రాజకీయం, చావు లాంటివి మోసే పాటలు, పాడాలి. బీటు పాటలే వాయించే బ్యాండు ఆరు నెలల్లో డీజేకి నకలవుతుంది, డీజే రేటు ఎలాగూ తక్కువే. కాకపోతే పాడే పద్ధతి తెలిసి పాడాలి.

ముందు సాహిత్యం కాగితం మీదికి

సాహిత్యాన్ని వెబ్‌సైట్ నుంచి దించుకోకండి, వాటిలో తప్పులు చాలా ఉంటాయి. ఒరిజినల్ ట్రాక్ హెడ్‌ఫోన్స్‌లో విని చేత్తో రాయండి. పాటకి అరగంట పడుతుంది. పక్కన మార్జిన్ వదిలి ఐదు సంగతులు గుర్తు పెట్టండి: ఎవరు పాడుతున్నారు, ఎవరితో అంటున్నారు, సినిమాలో అప్పటికి ఏం జరిగింది, ఏ కులం, మతం, ఊరు, పార్టీ, మనిషి పేరు వచ్చింది, చావు, తుపాకి, మందు, ఆత్మహత్య లాంటివి ఎక్కడ వచ్చాయి.

ఈ పని చెయ్యని బ్యాండ్లే ఎక్కువగా దెబ్బతింటాయి. ‘గుణ’ తెలుగు డబ్బింగులోని ‘ప్రియతమా నీవచట కుశలమా’నే తీసుకోండి. 1991 నాటి ఇళయరాజా ట్యూను, వినడానికి అచ్చమైన ప్రేమలేఖ. సినిమాలో ఆ లేఖ చెప్పేది మతి స్థిమితం లేని మనిషి, వినేది అతను ఎత్తుకొచ్చి గుహలో ఉంచిన అమ్మాయి. ఆ సంగతి తెలియకుండా “ఈ పాట మన కొత్త జంటకి అంకితం” అని మైకులో అంటే, ముందు వరసలో సినిమా చూసినవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు. పాట మానెయ్యక్కర్లేదు. అంకితం ఇవ్వడం మానేసి, మధ్యలో వచ్చే మాటల భాగాన్ని నాటకంలా కాకుండా తగ్గు గొంతుతో చెబితే హాయిగా నడిచిపోతుంది.

దీనికి పూర్తి వ్యతిరేకంగా ఉండేది ‘మల్లెతీగకు పందిరివోలె’. రాసింది గద్దర్, 1995లో ‘ఒరేయ్ రిక్షా’ సినిమాకి. ఆ పాటకిచ్చిన నంది అవార్డుని ఆయన తీసుకోలేదు. రచయిత పేరు వినగానే ఈవెంట్ మేనేజరు జంకుతాడు గానీ, పాట నిండా ఉన్నది చెల్లెలి మీద అన్న ప్రేమే. అప్పగింతల వేళ దాన్ని మించిన పాట దొరకడం కష్టం. అందుకే రచయిత పేరు చూసి భయపడొద్దు, ట్యూను తియ్యగా ఉందని నమ్మొద్దు. కాగితం మీద రాసుకున్నదాన్నే నమ్మండి.

ఇంగ్లీషు పాటలకీ ఇదే వరస. హైదరాబాద్ పబ్బుల్లో ‘జాంబీ’ పాడని బ్యాండు అరుదు. 1993లో ఇంగ్లండ్‌లోని వారింగ్టన్‌లో బాంబు పేలి మూడేళ్ల, పన్నెండేళ్ల పిల్లలు ఇద్దరు చనిపోయారు, ఆ ఘటన మీద ఐర్లండ్ బ్యాండ్ ‘ది క్రాన్‌బెర్రీస్’ చేసిన పాట అది. దాని ఇంటర్‌లూడ్‌లో “మేక్ సమ్ నాయిస్!” అని అరిచే గాయకుడిని ఆపే బాధ్యత డ్రమ్మర్ తీసుకోవాలి.

ఏ వేదికకి ఏ పాట

పబ్, టికెట్ షో: దాదాపు అన్నీ నడుస్తాయి. కులం, మతం పేరుతో తిట్టే మాటలున్న పాటలు తప్ప. ఏ ఊళ్లో, ఏ హాల్లో అయినా అవి వద్దు.

ఇంజినీరింగ్ కాలేజీ ఫెస్టు: ప్రశ్నించే పాటలకి ఇంతకంటే మంచి చోటు లేదు. ‘గాయం’ సినిమా (1993) కోసం సిరివెన్నెల రాసిన ‘నిగ్గదీసి అడుగు’ ఇక్కడ ఎప్పుడూ పనిచేస్తుంది. ఎందుకో గమనించండి. అందులో ఏ పార్టీ పేరూ లేదు, ఏ నాయకుడి పేరూ లేదు. తిట్లన్నీ వింటున్న జనానికే. ఎవరినీ వేలెత్తి చూపదు కాబట్టి ఎవరూ నొచ్చుకోరు, అందరికీ తగులుతుంది. ఇంటర్ కాలేజీలో మాత్రం ప్రేమ విఫలమై చనిపోవడాన్ని గొప్పగా చెప్పే పాటలు తీసెయ్యండి. పరీక్షల ముందు, ఫలితాల నెలలో అసలే వద్దు. ఎప్పుడైనా అలాంటి పాట పాడాల్సి వస్తే నిర్వాహకులతో చెప్పి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416ని స్క్రీన్ మీద ఒక మూల ఉంచండి.

రిసెప్షన్: గంటన్నర సెట్‌లో బరువైన పాట ఒకటి, అదీ ఇంటివాళ్లు అడిగితేనే. అడిగింది ఎవరన్నదీ ముఖ్యం. పెళ్లికొడుకు స్నేహితుల చీటీ, పెళ్లివారి కోరిక రెండూ ఒకటి కావు. ‘దేవదాసు’ (1953) మందు పాటలు అడిగే బాబాయి ప్రతి పెళ్లిలో ఒకరుంటారు. ఆయన్ని మర్యాదగా “భోజనాలయ్యాక పాడదాం బాబాయ్” అనండి, అప్పటికి ఆయనే మర్చిపోతాడు.

కంపెనీ ఫంక్షన్: రాజకీయం సున్నా. ఉద్యోగులు పైఅధికారుల ముందు చప్పట్లు కొట్టాలో వద్దో తేల్చుకోలేక ఇబ్బంది పడతారు. ‘పంప్‌డ్ అప్ కిక్స్’ లాంటివీ ఇక్కడ వద్దు. ఈల వేసే ట్యూను చూసి సరదా పాట అనుకుంటారు గానీ, అది తోటి పిల్లల మీద తుపాకి ఎత్తాలనుకునే కుర్రాడి మనసులో మాట.

అమెరికా, గల్ఫ్, ఆస్ట్రేలియాల్లో తెలుగు సంఘాల ఉగాది, సంక్రాంతి సభలు: రెండు రాష్ట్రాల వాళ్లూ ఒకే హాల్లో ఉంటారు. సంకరంబాడి సుందరాచారి ‘మా తెలుగు తల్లికి’ పాడితే అందెశ్రీ ‘జయజయహే తెలంగాణ’ కూడా పాడాలి. రెండోది 2024లో తెలంగాణ అధికారిక రాష్ట్ర గీతమైంది. ఒకటి పాడి ఒకటి వదిలేస్తే, మీరు ఏమీ అనకపోయినా ఒక పక్షం తీసుకున్నట్టే. రెండూ మొదట్లోనే, వరసగా, డ్రమ్స్ లేకుండా పాడేసి అసలు సెట్‌లోకి వెళ్లండి. ఒక్కోటి రెండు, మూడు నిమిషాలకి మించకూడదు.

ఊరి జాతర, గణేశ్ మంటపం, దసరా స్టేజీ: ఇక్కడ సాహిత్యం కంటే తేదీ ముఖ్యం. ‘మా భూమి’ సినిమాతో ఊరూరా పాకిన ‘బండెనక బండి కట్టి’ మామూలు రోజుల్లో జానపదమే. సెప్టెంబర్ 17న ఆ పాట అంటే లెక్క వేరు. 1948లో హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలిసిన ఆ రోజుని ఒక పార్టీ విమోచన దినమంటుంది, ఇంకో పార్టీ సమైక్యతా దినమంది, 2023 డిసెంబర్‌లో వచ్చిన ప్రభుత్వం 2024లో ప్రజాపాలన దినోత్సవమంది. స్టేజీ ఎవరు కట్టారో ముందు అడిగి, అప్పుడు ఒప్పుకోండి.

ఇక సాహిత్యంలో రాజకీయం ఏమాత్రం లేకపోయినా రాజకీయమయ్యే పాటలున్నాయి. హీరో పాటలు. 1982లో ఎన్టీఆర్ పార్టీ పెట్టినప్పటి నుంచీ మన దగ్గర సినిమా పాటకీ పార్టీ పాటకీ మధ్య గోడ సన్నబడింది. 2014లో పవన్ కళ్యాణ్ జనసేన పెట్టాక ఇంకా సన్నబడింది. ఆంధ్రలో ఎన్నికల సీజనులో ఒకే హీరో బీటు పాట వేస్తే రెండో నిమిషంలో కండువాలు బయటికొస్తాయి. నలుగురు హీరోల పాటలు ఒక్కోటి 40–45 సెకన్లు కలిపి మెడ్లీ చెయ్యండి. ఎవరి పాటతో ముగించారన్నదాన్నీ లెక్కపెట్టేవాళ్లున్నారు, కాబట్టి చివర్లో హీరోతో సంబంధం లేని జానపద బీటు తగిలించండి.

వరసలో చోటు

90 నిమిషాల సెట్‌లో నాలుగున్నర నిమిషాల పాటలు 16 పడతాయి, మిగతాది మాటలకీ శ్రుతులు సరిచూసుకోడానికీ. పబ్‌లో ఆ పదహారులో బరువైనవి రెండు చాలు. ఆరోది, పన్నెండోది అయితే బాగుంటుంది. మొదటి మూడింటిలో వద్దు, అప్పటికి సౌండ్ ఇంజినీర్ గొంతు లెవెల్ ఇంకా పట్టలేదు, మాటలు వినపడవు. పక్కపక్కన రెండూ వద్దు.

చివరి పాటగా అసలు వద్దు. దీని వెనక గట్టి కారణమే ఉంది. శబ్ద కాలుష్య నియమాలు (2000) ప్రకారం ఆరుబయట లౌడ్‌స్పీకర్లు రాత్రి 10కి ఆగిపోవాలి. పండగల కోసం ప్రభుత్వం అర్ధరాత్రి వరకు సడలింపు ఇచ్చినా అది ఏడాదికి 15 రోజులకి మించదు. మన రిసెప్షన్లలో జంట స్టేజీ ఎక్కేదే తొమ్మిదికి. లాన్‌లో పదింటికి మేనేజరు వచ్చి మెయిన్ స్విచ్ మీద చెయ్యి పెడతాడు. అప్పుడు తెగేది మీ బరువైన పాట రెండో చరణమైతే, జనం గుర్తుంచుకునేది ఆ తెగిన ముక్కనే.

పాటయ్యాక ఎనిమిది పది సెకన్లు ఏమీ చెయ్యకండి. డ్రమ్మర్ పుల్లలు కొట్టి లెక్క అందుకోకూడదు, కీబోర్డు ప్యాడ్ మోగకూడదు. చప్పట్లు ఆలస్యంగా వస్తాయి, రానివ్వండి. ఆ వెంటనే నిమిషానికి 130 దెబ్బల వేగంతో తీన్మార్ అందుకుంటే సగం మంది ఎగురుతారు, సగం మంది అయోమయంగా చూస్తారు, ఇక సెట్ మళ్లీ కుదురుకోడానికి మూడు పాటలు పడుతుంది. మధ్యలో ఒక మెట్టు కావాలి. ‘జాంబీ’ ఈ మైనర్‌లో, నిమిషానికి 84 దెబ్బల దగ్గర నడుస్తుంది. దాని తర్వాత జీ మేజర్‌లో 95 దగ్గర ఉండే మెలొడీ వేస్తే, కార్డ్స్ (కలిపి మోగించే స్వరాల గుంపులు) అవే కాబట్టి చెవికి కుదుపు తెలియదు. ఆ తర్వాత బీటు ఎంత పెంచినా ఫర్లేదు.

వాయించే తీరు

ఇక్కడే ఎక్కువ చెడగొడతారు. రిథమ్ ప్యాడ్‌లో ఉన్న లూపు ఏదో నొక్కి, నాలుగు దెబ్బలకీ కిక్ (పెద్ద డ్రమ్) పడేలా చేసి, ఏడుపు పాటని డ్యాన్సు పాటగా మారుస్తారు. జనం ఎగురుతారు, నిజమే. అలాంటప్పుడు ఆ పాటే ఎందుకు? ఎగరడానికి వేరే పాటలు వందున్నాయి. ఒరిజినల్ వేగానికి ఐదు అటూ ఇటూ దాటొద్దు.

‘జాంబీ’ మొత్తం నాలుగు కార్డ్సే: ఈ మైనర్, సీ, జీ, ఎఫ్ షార్ప్ బాస్‌తో డీ. ఆ పాట బలమంతా ఎత్తుపల్లాల్లో ఉంది. చరణంలో గిటార్ క్లీన్, డ్రమ్స్ అణిగి, గొంతు దగ్గరగా. డిస్టార్షన్ పెడల్ (గిటార్ నాదాన్ని గరగరలాడించేది) పల్లవి మొదటి దెబ్బ మీద పడాలి, అర సెకను ముందు కూడా కాదు. మొదటి నుంచీ డిస్టార్షన్ పెట్టేస్తే పల్లవి వచ్చేసరికి ఎక్కడానికి మెట్టు మిగలదు, గాయని అరిచి గొంతు పోగొట్టుకుంటుంది.

ఉద్యమ పాటల సంగతి వేరు. వాటి ప్రాణం వంతలో ఉంటుంది. ముందు పాడేవాడు ఒకడు, వంత కనీసం ముగ్గురు. వంతవాళ్లు పాడేది రెండు ముక్కలే అయినా మైకు ఇవ్వాల్సిందే: ఇద్దరికి ఒకటి, నోటికి ఆరేడు అంగుళాల దూరం. కీబోర్డులో కోరస్ శాంపిల్ పెట్టి సరిపెట్టకండి, వెంటనే తెలిసిపోతుంది. శ్రుతి విషయానికొస్తే ఈ పాటలు పై స్థాయిలో, తెరిచిన గొంతుతో ఉంటాయి. మీ గాయకుడు ఒరిజినల్ ఎత్తు అందుకోలేకపోతే ఒకటి, ఒకటిన్నర శ్రుతి దించండి. దొంగ గొంతుతో పైకి లాగితే పాటలో పస పోతుంది.

డప్పు తోలుదైతే ఏసీ హాల్లో పావుగంటకే జారుతుంది. పార్కింగ్‌లో కాచి తెచ్చినా లోపల నిలవదు, హాల్లో మంట పెట్టనివ్వరు. ఫైబర్ డప్పు ఒకటి సిద్ధంగా ఉంచుకోండి. నాదం తోలంత నిండుగా ఉండదు గానీ జారదు. చిన్న హాల్లో డప్పుకి మైకు అక్కర్లేదు, పెడితే గొంతు మునిగిపోతుంది. మిక్సర్ దగ్గర చెప్పాల్సింది ఒక్కటే మాట: ఈ పాటలో మాట వినపడాలి. గొంతు మిగతా బ్యాండు కంటే నాలుగు నుంచి ఆరు డెసిబెల్స్ పైన, రివర్బ్ (హాలు మోత) సగానికి తగ్గించి, డిలే (ప్రతిధ్వని) పూర్తిగా తీసేసి, గిటార్‌లో 300 హెర్ట్జ్ చుట్టుపక్కల కాస్త కోసి పెట్టమనండి. మాట తెలియనప్పుడు బరువైన పాట వట్టి నెమ్మది పాటగా మిగులుతుంది, జనం ఫోన్లు తీస్తారు.

మైనస్ ట్రాకు (గొంతు లేకుండా వాయిద్యాలే ఉన్న రికార్డు) మీద పాడొద్దు. లైవ్‌లో అయితే మధ్యలో ముగించే దారి ఉంటుంది. రిహార్సల్‌లోనే ఒక కోత పాయింటు పెట్టుకోండి: మొదటి చరణం అవగానే లీడర్ పిడికిలి ఎత్తితే నేరుగా చివరి పల్లవి. ట్రాకు నడుస్తుంటే అది కుదరదు, గొడవ జరుగుతున్నా ఫ్లూటు మోగుతూనే ఉంటుంది.

లైట్లు: స్ట్రోబు (టపటపా మెరిసే లైటు), పొగ, కోల్డ్ పైరో (స్టేజీ మీద చిమ్మే నిప్పురవ్వలు) ఆపించండి. పసుపు వెలుగు 30–40 శాతం చాలు. ఎల్ఈడీ గోడ నల్లగా ఉంచమని ఆపరేటర్‌కి రాతపూర్వకంగా ఇవ్వండి. ఇవ్వకపోతే అతను తోచిన జెండాలో, సినిమాలోని నెత్తుటి క్లిప్పో వేస్తాడు. అతని తప్పు కాదు, ఖాళీ గోడ కనిపిస్తే ఏదో ఒకటి వెయ్యడమే అతని పని.

మైకులో ఏమనాలి

సినిమా పేరు, సంవత్సరం, రాసినవారు. అంతే. “1993లో వచ్చిన ‘గాయం’ సినిమా నుంచి, సిరివెన్నెల సీతారామశాస్త్రి గారు రాసిన పాట.” పది సెకన్లు. “ఇప్పటి పరిస్థితులకి కూడా సరిగ్గా సరిపోతుంది” అని తోక తగిలించకండి. ఆ మాట వినేవాడు తనంతట తాను అనుకుంటే పాట గెలిచినట్టు. మీరు అంటే ఉపన్యాసం. పాడేవాళ్లు నవ్వకూడదన్నది చెప్పక్కర్లేదనిపిస్తుంది గానీ, వీడియోలు చూస్తే చాలామంది అలవాటుగా నవ్వుతూనే ఉంటారు.

కాగితాలు, చట్టం

ఒప్పందంలో రెండు ముక్కలు రాయించండి. పాటల జాబితా పది రోజుల ముందు ఇస్తాం, అభ్యంతరముంటే ఐదు రోజుల ముందు చెప్పాలి. స్టేజీ మీద వచ్చిన ఫర్మాయిష్ పాడాలా వద్దా అన్నది బ్యాండ్ ఇష్టం. ఈ రెండో ముక్క లేకపోతే ఐదు వందల నోటు చుట్టిన చీటీ మీ మెడకి చుట్టుకుంటుంది.

పబ్, కంపెనీ, టికెట్ షోలకి ఐపీఆర్ఎస్ (పాటల రచయితలు, స్వరకర్తల హక్కులు చూసే సంస్థ) లైసెన్సు కావాలి. అది వేదిక తీసుకుందా లేదా అన్నది ముందే కనుక్కోండి. కాపీరైట్ చట్టం 1957లోని సెక్షన్ 52 పెళ్లి వేడుకల్లో పాటల ప్రదర్శనకి మినహాయింపు ఇస్తుంది. సాహిత్యం మార్చడం మాత్రం ఎక్కడా మంచిది కాదు. తన రచనని వక్రీకరిస్తే అడ్డుకునే హక్కు సెక్షన్ 57 కింద రచయితకి ఉంది. ఒక మాట ఇబ్బందైతే ఆ చరణం మొత్తం వదిలెయ్యండి, మాట మాత్రం మార్చకండి.

ఎన్నికలప్పుడు పోలింగ్ ముగిసే గంటకి ముందు 48 గంటలు జాగ్రత్త. ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 126 ఆ సమయంలో సంగీత కచేరీ పెట్టి జనాన్ని పోగేసి ఎన్నికల ప్రచారం చెయ్యడాన్ని పేరు పెట్టి మరీ నిషేధించింది, రెండేళ్ల వరకు జైలు. ఆ రెండు రోజుల్లో పెళ్లి ఉంటే పార్టీ వాసన తగిలే పాట ఒక్కటి కూడా పెట్టుకోకండి. వర్గాల మధ్య ద్వేషం రెచ్చగొడితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 196, మత విశ్వాసాలని కావాలని కించపరిస్తే 299. ఇవి ఏడాది పొడుగునా ఉన్నవే.

గొడవ మొదలైతే

జనంలోంచి “జై” అని ఎవరి పేరో వినిపిస్తుంది. తిరిగి జై అనకండి, వద్దని కూడా అనకండి. పాట ఆపకుండా గొంతు తగ్గించి ఇంటర్‌లూడ్ రెండుసార్లు తిప్పండి, చాలావరకు అక్కడే చల్లారుతుంది. ఎవరైనా స్టేజీ మెట్ల దాకా వస్తే లీడర్ పిడికిలి, చివరి పల్లవి, ముగింపు. గాయకుడు మైకులో వాదనకి దిగకూడదు. కిందికి దిగి మాట్లాడే మనిషిని ముందే పెట్టుకోండి. మేనేజరైతే మంచిది, లేదంటే వయసులో పెద్ద అయిన మనిషి. “అన్నా, తర్వాత పాట మీరు చెప్పండి” అన్న మాట బౌన్సర్ కంటే బాగా పనిచేస్తుంది.

షో అయిపోయాక ఇంకో ప్రమాదం ఉంది. ఎవరో 20 సెకన్ల రీలు పెడతారు. ‘నిగ్గదీసి అడుగు’లో జనాన్ని తిట్టే ఒక్క పాదం కోసి, కింద ఏదో నాయకుడి పేరు రాస్తారు. అందుకే బరువైన పాటలన్నీ ప్రకటనతో సహా పూర్తిగా మీరే ఒక కెమెరాతో రికార్డు చేసి, తేదీ వేసి కనీసం ఏడాది దాచండి. దాన్ని యూట్యూబ్‌లో పెట్టాలంటే ఆడియో కంపెనీ హక్కులు వేరే లెక్క, పాడటానికున్న లైసెన్సు దానికి చెల్లదు. క్లెయిము పడిందంటే ఆదాయం వాళ్లకి వెళ్తుంది, వీడియో మాత్రం చాలాసార్లు అలాగే ఉంటుంది. గొడవ వచ్చినప్పుడు చూపించడానికి మీ హార్డ్ డిస్కులో ఉన్న కాపీ చాలు.